యురేనియం గొడవ సరే, పాత ఇనుములో కలిసే సీజియం సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

నల్లమలలో యురేనియం అన్న మాట వినపడితే చాలు, అమ్రాబాద్ నుంచి దేవరకొండ దాకా జనం భగ్గుమంటారు. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. అడవికీ, సాగర్ నీళ్లకీ, పెంటల్లో (అడవి గూడేల్లో) బతికే చెంచులకీ సంబంధించిన వ్యవహారమది. 2019 సెప్టెంబరులో శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానించింది. ఆ వాదనలోకి ఈ ఉత్తరం వెళ్లదు. కానీ లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల రాళ్లలో ఉన్నదాని గురించి ఇన్నేళ్లుగా ఇంత మాట్లాడుకున్నాం గదా, ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో ఇప్పటికే వాడుతున్న రేడియోధార్మిక పదార్థాల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఒక కూలీ చేతికో, ఒక తుక్కు దుకాణం కాటా మీదికో నేరుగా వచ్చిపడే అవకాశం ఉన్నది వీటికే.

లెక్క చూస్తే తేడా అర్థమవుతుంది. ఒక గ్రాము సహజ యురేనియంలో సెకనుకు సుమారు 25 వేల కేంద్రకాలు విచ్ఛిన్నమవుతాయి. ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో వాడే కోబాల్ట్-60 స్వచ్ఛంగా ఒక గ్రాము ఉంటే అందులో ఆ సంఖ్య దాదాపు 42 లక్షల కోట్లు. యురేనియం-238 సగం తరగడానికి సుమారు 450 కోట్ల ఏళ్లు పడుతుంది, కోబాల్ట్-60కి 5.27 ఏళ్లు చాలు. త్వరగా తరుగుతుంది కాబట్టే దాని తీవ్రత అంత ఎక్కువ. ‘వేల ఏళ్లు పోదట, అందుకే ప్రమాదం’ అని వేదికల మీద వినిపించేది సగం నిజమే.

ఇక మన దగ్గర ఇవి ఎక్కడుంటాయంటే, ముందు చెప్పాల్సింది సిమెంటు గురించి. ఉమ్మడి నల్లగొండలో కృష్ణ ఒడ్డున వాడపల్లి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మట్టపల్లి ప్రాంతమంతా సున్నపురాయి, దాని వెంటే సిమెంటు పరిశ్రమ. సిమెంటు ఫ్యాక్టరీలో అన్నిటికంటే ఎత్తుగా కనిపించే కట్టడం ప్రీహీటర్ టవర్. అందులో ఒకదానిపై ఒకటి ఉండే గరాటు ఆకారపు గదుల్ని సైక్లోన్లు అంటారు, వాటిలో కింది దాంట్లో వేడి 800 డిగ్రీలు దాటుతుంది. రాతిపొడి గరాటులాంటి అడుగు భాగంలోంచి జారాలి. అక్కడ గడ్డకట్టి జామ్ అయితే పైనుంచి వచ్చే పొడంతా నిమిషాల్లో నిండిపోతుంది. ఆ వేడిలో లోపల పెట్టే పరికరం ఏదీ నాలుగు రోజులు నిలవదు. అందుకని చాలాచోట్ల గామా గేజ్ బిగిస్తారు. గరాటుకు ఒకపక్క సీసం నింపిన ఉక్కు డబ్బాలో సీజియం-137, ఎదురుగా రెండోపక్క డిటెక్టర్. లోపల ఖాళీగా ఉంటే కిరణాలు ఇటుక పూతనీ ఉక్కునీ దాటి డిటెక్టర్‌కు చేరతాయి. పొడి పేరుకుంటే లెక్క పడిపోతుంది, కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. సీజియం సగం తరగడానికి 30 ఏళ్లు పడుతుంది కాబట్టి మాటిమాటికీ మార్చే పని లేదు.

ఇంత చక్కని ఏర్పాటు ఎక్కడ చెడుతుందంటే, గోడలకు మెల్లగా పూత పేరుకున్నప్పుడు. అప్పుడు జామ్ లేకపోయినా లెక్క తగ్గి అలారం పదేపదే మోగుతుంది. విసిగిపోయిన ఆపరేటర్ అలారం హద్దును కిందికి దించేస్తాడు. ఆ తర్వాత నిజంగా జామ్ అయినప్పుడు అది మోగదు, మోగినా ఆలస్యమవుతుంది. గొట్టాలతో పొడిచి గడ్డ తీసే కూలీల మీద ఎర్రగా కాలిన పొడి విరుచుకుపడే ప్రమాదం అక్కడ మొదలవుతుంది. చేయాల్సింది హద్దు దించడం కాదు, సైక్లోన్ శుభ్రంగా ఖాళీగా ఉన్న రోజు కొత్తగా కాలిబ్రేషన్ చేయడం.

రెండోది షట్టర్. సోర్స్ (కిరణాలు వెలువడే పదార్థం) ఉన్న డబ్బాకు ఒక పిడి ఉంటుంది, అది తిప్పితే కిరణం బయటికి వచ్చే దారి సీసంతో మూసుకుంటుంది. వేడికీ, సిమెంటు దుమ్ముకీ ఆ పిడి బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే లోపలి పిన్ను విరిగి పిడి మాత్రమే తిరుగుతుంది. బయట గుర్తు ‘మూసి ఉంది’ అనే చూపుతుంది, లోపల దారి తెరిచే ఉంటుంది. ఇటుక పని కోసం మేస్త్రీలు సైక్లోన్‌లోకి దిగేముందు షట్టర్ మూసి, తాళం వేసి, తాళంచెవి రేడియేషన్ భద్రతాధికారి దగ్గర పెట్టుకోవాలన్నది నిబంధన. తాళం చూసి పర్మిట్ మీద సంతకం పెట్టేస్తే పని అయినట్టు కాదు. కిరణాలు కొలిచే సర్వే మీటర్ పట్టుకుని మనిషి దిగే మార్గం దగ్గర కొలిచి, ఆ అంకె పర్మిట్ మీద రాయాలి. మన గ్రానైట్ నేల మీద మామూలుగానే గంటకు 0.1 నుంచి 0.3 మైక్రోసీవర్ట్‌ల (ఒంటికి తగిలే కిరణాల కొలత) దాకా ఉంటుంది. మీటర్ దానికి రెండు మూడు రెట్లు చూపిందంటే ఎవరూ దిగకూడదు.

మూడోది అసలు సమస్య. ఫ్యాక్టరీ మూతపడుతుంది, బ్యాంకు స్వాధీనం చేసుకుంటుంది, వేలం వేస్తుంది. టవర్ మీద దుమ్ము పట్టిన గేజ్‌ను ఎవరూ గుర్తుంచుకోరు. నేమ్‌ప్లేట్ కనపడదు, భద్రతాధికారి ఎప్పుడో వేరే ఉద్యోగం చూసుకుని ఉంటాడు. తుక్కు కొన్న కాంట్రాక్టరు గ్యాస్ కట్టర్‌తో కోస్తాడు. డబ్బా చూడ్డానికి చిన్నది, ఎత్తితే అంత బరువు. సీసం అని తెలియగానే కరిగించి అమ్మాలనిపిస్తుంది. దాని నడుమ ఉండేది వేలి కణుపంత స్టీలు గొట్టం. సీజియంను కొన్ని సోర్సుల్లో క్లోరైడ్ ఉప్పు రూపంలో నింపుతారు. గొట్టం తెగితే ఆ ఉప్పు నీళ్లలో కరుగుతుంది, చేతికి అంటుకుంటుంది, ఇంటికి వస్తుంది. 1987లో బ్రెజిల్‌లోని గోయానియా పట్టణంలో జరిగిందిదే. వదిలేసిన చికిత్సాలయం నుంచి తెచ్చిన యంత్రాన్ని తుక్కు దుకాణంలో విప్పారు. నీలంగా మెరిసే పొడిని చూసి ముచ్చటపడి చుట్టాలకు పంచారు. నలుగురు చనిపోయారు, లక్షా 12 వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది.

మన దేశంలోనూ జరిగింది. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు చేరినది ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత గామా యంత్రం. ఏళ్ల తరబడి మూలపడి ఉన్న దాన్ని ప్రయోగశాల సామానుగా లెక్కగట్టి అమ్మేశారు. లోపలి కోబాల్ట్-60 కడ్డీలు తుక్కులో కలిశాయి. ఒకరు చనిపోయారు, మరికొందరు చర్మం నల్లబడి, జుట్టు రాలి ఆసుపత్రి పాలయ్యారు. మొదట వెళ్లిన వైద్యులకు అది ఏ జబ్బో అంతుపట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. వాంతులు, విరేచనాలు, తర్వాత కాలిన గాయాల్లాంటి పుండ్లు. నిప్పు తగలకుండా కాలిన గాయంతో తుక్కు పని చేసే మనిషి వస్తే మన జిల్లా ఆసుపత్రుల్లోనూ ఆ కోణంలో ఒక ప్రశ్న అడగాలి.

షాద్‌నగర్, కొత్తూరు, జడ్చర్ల వైపు తుక్కు కరిగించి కడ్డీలు పోసే ఫర్నేసులు నడిపేవారికి ఇంకొక మాట. కొలిమిలో పడ్డాక ఏ పదార్థం ఎటు పోతుందో ముందే తెలిసి ఉండాలి. కోబాల్ట్ నేరుగా ఉక్కులో కలిసిపోతుంది. సీజియం ఆవిరై పొగతో పాటు బ్యాగ్ ఫిల్టర్ దుమ్ములోకి చేరుతుంది. అమెరీషియం చిట్టెంలో తేలుతుంది. అందుకే ఉక్కు నమూనా ఒక్కటే పరీక్షించి ‘అంతా బాగుంది’ అనడం కుదరదు. 1998లో స్పెయిన్‌లోని ఒక స్టీలు కర్మాగారంలో సీజియం ఇలాగే కరిగిపోయి పొగగొట్టంలోంచి వెళ్లింది. ఆ జాడ ఇతర ఐరోపా దేశాల గాలిలో కూడా దొరికింది. తుక్కు లారీ గేటు దాటకముందే చేతి మీటర్‌తో నాలుగు వైపులా నెమ్మదిగా తిప్పి చూడటం వీటన్నిటికంటే చవక. వేగంగా తిప్పితే మీటర్ అందుకోలేదు, లారీ నడుమ ఇనుము అడ్డుంటే అసలే చూపదు. కాబట్టి దించేటప్పుడు ఇంకోసారి చూడాలి.

ఎక్స్‌రే ఫిల్ములాంటి చిత్రాలతో వెల్డింగ్ అతుకులు పరీక్షించే రేడియోగ్రఫీ వేరే సంగతి. దామరచర్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లాంటి చోట బాయిలర్ గొట్టాల అతుకుల్లో వెంట్రుకంత బుడగ ఉన్నా ఒత్తిడికి పగులుతుంది, కాబట్టి ఈ పరీక్ష తప్పదు. వాడేది ఇరిడియం-192, సగం తరగడానికి 74 రోజులు. ఇరవై కిలోల దాకా తూగే ‘కెమెరా’లో క్షీణించిన యురేనియం కవచం నడుమ ఆ గుళిక ఉంటుంది. అవును, కవచంగా పనికొచ్చేది యురేనియమే, సీసం కంటే బరువైన లోహం కాబట్టి. హ్యాండిల్ తిప్పితే ఉక్కు తీగ గుళికను గైడ్ ట్యూబులోంచి అతుకు దగ్గరికి తోస్తుంది, తిరిగి తిప్పితే లోపలికి లాగుతుంది. తీగకూ గుళికకూ మధ్య కొక్కెం సరిగా పడకపోతే తీగ ఒక్కటే వెనక్కి వస్తుంది, గుళిక ట్యూబులోనే ఉండిపోతుంది. హ్యాండిల్ తిరిగిన లెక్క సరిపోయిందని ట్యూబు విప్పేస్తే అది కిందపడుతుంది. తాళాల గుత్తికి వేలాడే గొలుసుముక్కలా ఉంటుంది, మెరుస్తుంది, పొద్దున వచ్చిన కూలీ జేబులో వేసుకుంటాడు. 1999లో పెరూ దేశంలో ఒక జలవిద్యుత్ కేంద్రం దగ్గర వెల్డర్ అలా వెనక జేబులో వేసుకుని కొన్ని గంటలు తిరిగాడు. కాలు తీసేయాల్సి వచ్చింది.

కాబట్టి రాత్రిపూట తాడు కట్టి, ఎర్ర దీపం పెట్టి పని చేస్తున్నారంటే దాటి వెళ్లకండి. దూరం రెట్టింపయితే కిరణ తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది, పది రెట్లయితే వందో వంతుకు. ఇక ఆ పని చేసేవాళ్లకు: ప్రతి ఎక్స్‌పోజర్ తర్వాత మీటర్ పట్టుకుని కెమెరా దాకా నడవండి. ఒంటికి తగిలిన కిరణాలను లెక్కగట్టే బ్యాడ్జిని ఛాతీ మీద పెట్టుకోకుండా గదిలో మేకుకు తగిలిస్తే మూడు నెలలకోసారి వచ్చే డోసు నివేదిక గోడ సంగతి చెబుతుంది, మనిషిది కాదు. ఉద్యోగికి మన దేశంలో పరిమితి ఐదేళ్లలో 100 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. బయటి జనానికి ఏడాదికి 1.

ఆసుపత్రుల విషయానికొస్తే అక్కడ భయం తలకిందులుగా ఉంది. అక్కర్లేని చోట బెదురు, కావాల్సిన చోట నిర్లక్ష్యం. క్యాన్సర్‌కు ‘కరెంటు పెట్టించుకుని’ వచ్చిన మనిషి పక్కన పిల్లల్ని పడుకోబెట్టరు. బయటి నుంచి కిరణాలు పెట్టే చికిత్సలో రోగి ఒంట్లో ఏమీ మిగలదు. మనవణ్ని ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు. కరెంటుతోనే కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్, ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో అసలు రేడియోధార్మిక పదార్థమే ఉండదు, స్విచ్ కట్టేస్తే అంతటితో సరి. కోబాల్ట్ యంత్రంలో మాత్రం సోర్స్ ఉంటుంది. అది నెలకు ఒక శాతం చొప్పున తగ్గుతూ పోతుంది, అయిదేళ్లు దాటితే రెండు నిమిషాల చికిత్సకు నాలుగు నిమిషాలు పడుకోవాలి. సోర్స్ మార్చడం వాయిదా వేసే కొద్దీ క్యూ పెరుగుతుంది, కదలకుండా పడుకోలేని ముసలివాళ్లకు గురి తప్పుతుంది.

థైరాయిడ్‌కు ఇచ్చే అయోడిన్-131 సంగతి వేరు. ఇది మింగించే మందు, ఒంట్లోనే ఉంటుంది, ఎనిమిది రోజులకు సగమవుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేసేవాళ్లకు తక్కువ డోసు ఇచ్చి ఇంటికి పంపుతారు. క్యాన్సర్‌కు 30 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికత కొలత) దాటితే ప్రత్యేక గదిలో ఉంచి, తగ్గాక పంపుతారు. క్యాన్సర్‌కు తీసుకునేవాళ్లు ముందు రెండు వారాలు అయోడిన్ ఉప్పు, చేపలు, సముద్రపు సరుకు మానాలి. ఒంట్లో అయోడిన్ నిండుగా ఉంటే గ్రంథి మందును పీల్చుకోదు, ఖర్చంతా మూత్రంలో పోతుంది. ఊరగాయలో, బేకరీ సరుకులో కూడా ఆ ఉప్పే ఉంటుందని చాలామందికి తట్టదు. గర్భం లేదని పరీక్ష చేయించుకోవాలి, పాలిచ్చే తల్లి పాలు పూర్తిగా మాన్పించాకే తీసుకోవాలి. ఇంటికి బయల్దేరేటప్పుడు కిక్కిరిసిన నల్లగొండ బస్సు ఎక్కొద్దు. సొంత బండిలో వెనక సీట్లో, డ్రైవరుకు ఎదురు మూలన కూర్చోవాలి. డాక్టరు చెప్పినన్ని రోజులు గర్భిణులకు, చిన్నపిల్లలకు దూరంగా పడుకోవాలి. నీళ్లు బాగా తాగాలి, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు కొట్టాలి, మగవాళ్లు కూడా కూర్చునే మూత్రం పోయాలి. బట్టలు విడిగా ఉతికితే సరిపోతుంది, తగలబెట్టాల్సిన పనిలేదు.

పెట్ స్కాన్‌కు పోయేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది గడియారం. అందులో వాడే ఫ్లోరిన్-18 నూట పది నిమిషాల్లో సగమవుతుంది. ఉదయం 9 గంటలకు 10 మిల్లీక్యూరీలుగా కొలిచిన మందు 10.50కి 5, మధ్యాహ్నం 12.40కి రెండున్నర. మనం ఎల్బీనగర్‌లోనో ఆరాంఘర్‌లోనో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మందు ఆసుపత్రిలో తరిగిపోతూనే ఉంటుంది. ముందురోజే చేరుకోవడం మేలు. షుగర్ 200 దాటి ఉంటే స్కాన్ వాయిదా వేస్తారు. గాభరాపడి అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసుకుంటే మందంతా కండరాల్లోకి పోయి చిత్రం పాడవుతుంది. ఎముకల స్కాన్‌లోని టెక్నీషియం ఆరు గంటలకు సగమవుతుంది, మర్నాటికి పదహారో వంతు. దానికి ఇంట్లో పెద్ద హంగామా అక్కర్లేదు.

రైతుల సంగతి క్లుప్తంగా. పాలమూరు యాసంగి వేరుశనగ రైతులకు తెలిసిన టి.ఏ.జి-24 రకం భాభా అణు పరిశోధన కేంద్రం అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి, కిరణాలతో విత్తనాల గుణాల్లో మార్పులు తెప్పించే ఉత్పరివర్తనాల ప్రజననం నుంచి తెచ్చినదే. దేవరకద్ర మార్కెట్‌కు వచ్చే ఉల్లిగడ్డకు, కొల్లాపూర్ మామిడికి గామా కిరణాల శుద్ధి పనికొస్తుంది. ఉల్లికి 60 గ్రేల (సరుకు పీల్చుకున్న కిరణాల కొలత) ప్రాంతంలో ఇస్తే మొలక రాదు, మామిడికి 400 గ్రేలు ఇస్తే టెంకపురుగు సంతతి ఆగుతుంది, అమెరికాకు పంపే పండుకు అదే షరతు. కిరణం తగిలిన పండు రేడియోధార్మికం కాదు. కానీ అప్పటికే మొలక లేచిన ఉల్లికి, దెబ్బతిని కుళ్లు పట్టిన గడ్డకు ఇది మందు కాదు. కోసి, బాగా ఆరబెట్టి, నిద్రావస్థలో ఉండగానే చేయాలి. మిర్చి, పల్లీల విషయంలో ఇంకో జాగ్రత్త: కిరణం బూజును చంపుతుంది, ఆ బూజు అప్పటికే వదిలిన అఫ్లటాక్సిన్ విషాన్ని తీయలేదు. తడి సరుకును దాచుకోవడానికి దీన్ని అడ్డం పెట్టుకుంటే కుదరదు.

బోర్ల జిల్లాలు కాబట్టి ఒక్క ప్రయోగం గురించి రాయాలి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాన నీరు ఎంత ఇంకుతుందో కొలవడానికి ట్రీటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) వాడింది. వానలకు ముందు వేర్ల లోతు కింద, 60–80 సెంటీమీటర్ల దగ్గర, ట్రీటియం కలిసిన కొద్దిపాటి నీటిని సూదితో ఎక్కిస్తారు. వానలయ్యాక అక్కడే మట్టి కోర్ తీసి, పొరపొరగా కోసి, ఏ పొరలో ట్రీటియం ఎక్కువుందో చూస్తారు. అది 40 సెంటీమీటర్లు దిగి, మట్టిలో తేమ 15 శాతం ఉందనుకుందాం, ఇంకింది 60 మిల్లీమీటర్లు. 700 మిల్లీమీటర్ల వానలో తొమ్మిదో వంతు కూడా కాదు. చల్క నేలల్లో ఈ లెక్క బాగా కుదురుతుంది. నల్లరేగడిలో నీరు నెర్రెల్లోంచి పక్కదారి పట్టి జారిపోతుంది కాబట్టి లెక్క తక్కువ చూపుతుంది.

చివరిగా కోరేది రెండే. రేడియోధార్మిక సోర్సులు కొనేటప్పుడే వాడకం అయ్యాక తిరిగి అప్పగిస్తామని యజమాని అణుశక్తి నియంత్రణ మండలికి హామీ ఇస్తాడు. విదేశీ సోర్సయితే తయారీదారుకే పంపాలి, దానికి ఖర్చవుతుంది. నష్టాల్లో ఉన్న యజమాని ఆ ఖర్చు దగ్గరే ఆగిపోతాడు. మూతపడ్డ పరిశ్రమను వేలం వేసే బ్యాంకులు భూమి సర్వే నంబర్లు, యంత్రాల జాబితా ప్రకటనలో వేస్తాయి గానీ గేజ్‌ల మాట ఉండదు. ‘రేడియోధార్మిక సోర్సులు లేవు, లేదా ఫలానా తేదీన అప్పగించారు’ అన్న ధ్రువపత్రం చూడకుండా వేలం జరగనివ్వకూడదని కలెక్టర్లు, ఫ్యాక్టరీల శాఖ అధికారులు పట్టుబట్టాలి.

రెండోది మీ పత్రికకు. రేడియోధార్మికతను సూచించే మూడు రెక్కల గుర్తునూ, 2007లో అంతర్జాతీయంగా ఖాయం చేసిన ఎర్ర త్రికోణం గుర్తునూ – పైన కిరణాలు, కింద పుర్రె, పరుగెత్తే మనిషి – జిల్లా పేజీలో పెద్దగా వేయండి. తుక్కు దుకాణాల్లో గోడకు అంటించుకునేలా ఉండాలి. పక్కనే నాలుగు ముక్కలు: ఈ గుర్తున్న డబ్బా, లేదా సైజుకు మించి బరువున్న, తాళం వేసిన సీసం డబ్బా కనిపిస్తే కోయకండి, కొట్టకండి, కాటా వేయకండి. వదిలేసి కనీసం ముప్పై మీటర్లు వెనక్కి జరిగి 112కు ఫోన్ చేయండి. ముట్టుకున్నవాళ్లు ఇంటికి పోకుండా అక్కడే ఒక పక్కన ఉండి, చేతులు సబ్బుతో కడుక్కుని, పై బట్టలు విప్పి సంచిలో కట్టి పెట్టాలి. ఆ సంచిని అధికారులు వచ్చేదాకా ఎవరూ విప్పకూడదు.

– ఒక రేడియేషన్ భద్రతాధికారి,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా